ఎడమవైపు సున్నాలు

మా తూకమక్కకి అసలు పేరొకటి ఉంది. హాజరు పట్టీలోనూ, మెమోల మీదా ఆ పేరే ఉంటుంది. హాజరు పట్టీని ఎవరూ పైకి చదవరు, మెమో మాత్రం చదివి వినిపిస్తారు కాబట్టి, ఆ పేరు చెవిన పడగానే ఆవిడ "ఇప్పుడేం చేశాను?" అంటుంది. మాకందరికీ మాత్రం తూకమక్కే. కవరు చేతిలోకి తీసుకుని, అంచు మీద బొటనవేలు ఒక్కసారి రాసి, "ఇందులో మూడున్నాయి, రెండే ఉండాలి" అంటుంది. తెరిచి చూస్తే మూడే ఉంటాయి. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి తప్పింది. ఆ రోజు ఆవిడకి జ్వరం, పైగా కాగితం కంపెనీవాడు సరుకు మార్చాడు. ఆ తప్పు తనదని ఇప్పటికీ ఒప్పుకోదు.

మేం చేసే పని గురించి ఎవరికీ పెద్దగా తెలియదు, తెలిసినా ఎవరికీ అక్కర్లేదు. ఆస్పత్రులు, కాలేజీలు, నీళ్ళ ఆఫీసులు తమ జనాలకి వేలకొద్దీ ఉత్తరాలు రాయాల్సి వచ్చినప్పుడు మాకో ఫైలు పంపి చేతులు దులుపుకుంటాయి. మేం ఆ ఉత్తరాలు అచ్చువేసి, మడతపెట్టి, కవర్లో పెట్టి, అంటించి, పోస్టు వ్యాను ఎక్కిస్తాం. లోపలి చిరునామా కనిపించేలా ముందు కిటికీ ఉన్న కవరు మీ ఇంటికి వస్తుంది చూడండి, మీరు విసుక్కుంటూ చించుతారే, అది మా ప్రాణం.

ఒకప్పుడు ఈ హాల్లో పొడుగు బల్లల ముందు ముప్పై మంది ఆడవాళ్ళు కూర్చుని ఈ పని చేతులతో చేసేవాళ్ళు. అప్పుడు చేరింది తూకమక్క. తర్వాత మెషిన్ వచ్చింది. అది వచ్చిన రోజు యజమాని అందరినీ నిలబెట్టి, ఇకమీదట మీ చేతులకి విశ్రాంతి అని ఉపన్యాసం ఇచ్చాడట. ముప్పై మందిలో ఇరవై ఆరుగురి చేతులకి అదే నెలలో పూర్తి విశ్రాంతి దొరికింది. మిగిలిన నలుగురిలో తూకమక్క ఒకతి. ఆవిడ్ని ఎందుకు ఉంచారంటే, మెషిన్ చేసిన పనిని నమ్మాలంటే ఎవరో ఒకరు పట్టుకుని చూడాలిగా, అందుకు.

ఆ మెషిన్ మా హాలు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటుంది. దాన్ని మేం అత్తగారు అంటాం. పనిలో వంక పెట్టడం, ఎర్ర లైటు వేసుకుని అలగడం, ఎందుకు అలిగిందో చెప్పకపోవడం, ఈ మూడూ దానికి వెన్నతో పెట్టిన విద్య. అయితే అత్తగారికి సొంత తెలివి లేదు. ప్రతి కాగితం అంచునా బార్‌కోడ్ ఉంటుంది. అత్తగారు దాన్ని చదివి, ఆ నంబరు పట్టుకుని ఫైల్లో వెతుకుతుంది. ఈ నంబరు మనిషికి ఎన్ని కాగితాలు, అదనంగా ఏ చీటీ వెయ్యాలి, అన్నీ ఫైల్లోనే ఉంటాయి. ఫైలు రెండంటే రెండు, చీటీ వెయ్యమంటే వేస్తుంది. నంబరు ఫైల్లో లేకపోతే మాత్రం ఆగిపోతుంది.

బయటనుంచి వచ్చిన ఫైలుని అత్తగారికి తగ్గట్టు తయారుచేసేది నేను. అద్దాల గదిలో ఏసీ కింద కూర్చుంటాను. గొప్పలు చెప్పుకోవడం కాదుగానీ, ఆ చోట అందరికన్నా తక్కువ పనిచేసి అందరికన్నా ఎక్కువ అలిసిపోయేది నేనే.

మా అందరి మీదా మేనేజరు. ఆయన పేరు ప్రకారం గారు. అంటే మేం పెట్టిన పేరు. ఏం అడిగినా "ఫైలు ప్రకారం" అనే మొదలుపెడతాడు. హాల్లో ఫ్యాను తిరగడం లేదంటే, ఫైలు ప్రకారం ఆ ఫ్యాను మొన్నే బాగుచేశారు అంటాడు. ఎదురుగా చెమటలు కక్కుతూ మనిషి నిలబడి ఉన్నా సరే. పాపం, చెడ్డవాడేం కాదు. చెడ్డతనానికి కాస్త కళ్ళు తెరిచి చూడటం కావాలి, ఆయనకి అంత తీరిక లేదు.

తూకమక్క మొగుడు దర్జీ. ఇంటి ముందు గదిలో మిషను పెట్టుకుని కుడతాడు. మెత్తటి మనిషి. ఆయన బట్ట తెస్తే ఈవిడ వేళ్ళతో నలిపి, "రెండు ఉతుకులకి జల్లెడైపోతుంది, తిరిగిచ్చేసి రా" అంటుంది. ఆయన నోరెత్తకుండా తిరిగిచ్చేసి వస్తాడు. పిల్లల్లేరు. ఉంటే వాళ్ళని కూడా తూచి, బరువు చాలలేదని వెనక్కి పంపేది అని ఆయనే నవ్వుతూ అంటాడు. ఆవిడ కూడా నవ్వుతుంది, కొంచెం ఆగి.

ఆవిడకో పట్టుదల ఉంది. చేతిలోంచి ఎన్ని లక్షల ఉత్తరాలు పోయాయో లెక్కలేదు, ఒక్కటీ చదవలేదు. "నంబరు చూస్తా, అక్షరం చూడను. ఒకళ్ళ సంగతి మనకెందుకు?" అంటుంది. అక్షరం చూడకపోయినా చాలా సంగతులు ఆ బొటనవేలికి తెలిసిపోతాయి. కాలేజీ కవరు లావుగా ఉంటే సీటు వచ్చినట్టు, పల్చగా ఉంటే రానట్టు. ఆస్పత్రిది తిరగేసి. పల్చగా ఉంటే బతికిపోయినట్టు.

ఈ గొడవంతా ఆస్పత్రి కవర్లతోనే వచ్చింది.

ఒక పెద్దాస్పత్రి, చుట్టుపక్కల పనిచోట్లలో నలభై దాటినవాళ్ళందరికీ ఉచితంగా పరీక్షలు చేస్తామని బండి పంపింది. రక్తం తీశారు, ఛాతీకి ఫోటో తీశారు. మా దగ్గర కూడా అందరం వరసలో నిలబడ్డాం. నాకు నలభై నిండలేదు, అయినా పని తప్పించుకోవచ్చని నిలబడ్డాను, వెనక్కి పంపేశారు. ప్రకారం గారు అందరికన్నా ముందు వెళ్ళి, "నాకేం ఉండదు, రోజూ నడుస్తాను" అని ఫోటో తీసేవాడికి చెప్పాడు. వాడు ఊపిరి బిగబట్టమన్నాడు.

వారం పోయాక తూకమక్క నా గదిలోకొచ్చి నిలబడింది. అద్దాల గదిలోకి ఆవిడ రాదు, చలంటుంది.

"తమ్ముడూ, అందరికీ ఒక్క ఫోటో తీశారా, రెండా?"

"ఒకటే అనుకుంటా అక్కా. ఏం?"

"నాకు రెండు తీశాడు. రెండోది తీసేటప్పుడు నా మొహంలోకి చూళ్ళేదు."

మొదటిది సరిగ్గా రాలేదేమోలే అన్నాను. ఇంకేమనాలి? ఆవిడ "అయ్యుంటుంది" అని వెళ్ళిపోయింది. అప్పట్నుంచి రోజూ పోస్టుమాన్ వచ్చే వేళకి ఇంట్లో లేనని బాధపడటం, సాయంత్రం వెళ్ళగానే గుమ్మం దగ్గర వెతకడం. మొగుడికి మాత్రం చెప్పలేదు. చెబితే ఆయన కత్తెర పట్టుకోలేడని భయం.

ఉత్తరం రావడానికి ముందు మా దగ్గరికే వస్తుందని ఇద్దరికీ తట్టలేదు చూశారా! ఇరవై రెండేళ్ళుగా ఆ పనే చేస్తున్న మనిషికి కూడా, తన ఉత్తరం ఎక్కడో వేరే చోట తయారవుతుందనే అనిపించింది. ఫోటోలు తీసిన పందొమ్మిదో రోజున ఆస్పత్రి నుంచి ఫైలు వచ్చింది. పదకొండు వేల ఉత్తరాలు. ఏమీ లేదన్నవాళ్ళకి ఒక కాగితం. వారంలోపు రావాలన్నవాళ్ళకి రెండు కాగితాలు, ఏ గది, ఏ డాక్టరు, ఏమీ తినకుండా రావాలా వద్దా అన్నది రెండోదాని మీద. పైగా ఆస్పత్రికి దారి చూపే పసుపుపచ్చ మ్యాపు.

నేను ఫైలు సరిచూసి, అందరికీ అందుబాటులో ఉండే ఫోల్డర్లో పెట్టాను. ఆ రాత్రే ఉత్తరాలన్నీ అచ్చయ్యాయి. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి అత్తగారిని నడిపించారు. మొదటి కాగితం దగ్గరే ఎర్ర లైటు. తీసి మళ్ళీ పెట్టారు. మళ్ళీ ఎర్ర లైటు. కట్ట మార్చారు, బార్‌కోడ్ చదివే అద్దం తుడిచారు, ఆపి మళ్ళీ వేశారు. నంబరు ఫైల్లో లేదు, నంబరు ఫైల్లో లేదు. ఆ ముక్క తప్ప ఇంకో మాట లేదు.

ప్రకారం గారు పరిగెత్తుకొచ్చాడు. "నాలుగింటికి వ్యాను! యజమానికి మాటిచ్చాను! ఫైలు ప్రకారం అన్నీ సరిగ్గా ఉన్నాయి, పొద్దున నేనే స్వయంగా తెరిచి చూశాను!"

ఈయన తెరిచి చూశాడంటే తెరిచి ఊరుకోడు. చూశానన్న గుర్తుగా సేవ్ కూడా చేస్తాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఆ ఆస్పత్రి తన దగ్గరికి కోటిమంది వస్తారని ఆశపడి ఏడంకెల నంబర్లు పెట్టుకుంది. వచ్చింది లక్షలోపే. అందుకని ప్రతి నంబరుకీ ముందు రెండు సున్నాలు. ఆ ఫైలుని లెక్కల పట్టీలు చూసే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, అది ఎడమవైపు సున్నాలకి విలువ లేదని తనకి తానే తీర్మానించుకుని వాటిని తీసేస్తుంది. తీసేశానని చెప్పదు. అలాగే సేవ్ చేస్తే ఇక అంతే. మెషిన్ కాగితం మీద 0041873 అని చదువుతుంది, ఫైల్లో 41873 ఉంటుంది. మనకి రెండూ ఒకటే. అత్తగారికి ఆ రెండూ ఇద్దరు మనుషులు.

నాకు అర్థమైంది. అసలు ఫైలు నా దగ్గర పదిలంగా ఉంది కూడా. ఇరవై నిమిషాల పని. కానీ ఆ మాట అనాలంటే, సార్, మీరు పాడుచేశారు అని అనాలి. నా ఉద్యోగం పర్మినెంటు చేసే కాగితం అప్పుడాయన బల్ల మీద సంతకానికి ఉంది. నీళ్ళు నమిలాను. బార్‌కోడ్ సిరా పల్చగా ఉందేమో అన్నాను. అంతకన్నా సిగ్గుమాలిన మాట నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు.

తూకమక్క నా తెర ముందుకొచ్చి ఒక కాగితం పట్టుకుంది. నంబరు మీద వేలు పెట్టి ఉత్తరమంతా అరచేత్తో మూసేసింది.

"ఈ కాగితం మీద ముందు రెండు సున్నాలున్నాయి. నీ ఫైల్లో లేవు. ఎవరు మింగారు?"

నేను ప్రకారం గారి వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను.

ఆయనే అందుకున్నాడు. "ఎడమవైపు సున్నాకి విలువేముందమ్మా? మూడో తరగతి పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు! విలువ లేనిది పోతే మెషిన్‌కొచ్చిన బాధేంటి?"

"సూట్‌కేసు తాళానికి ముందు రెండు సున్నాలు ఉంటే, అవి తిప్పకుండా తెరుచుకుంటుందా సార్?"

"అది సూట్‌కేసు. ఇది కంప్యూటరు."

ఆ తర్వాత ఆయనకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆయనకి ఆలోచన వచ్చిన రోజులన్నీ మాకు గుర్తుంటాయి. బార్‌కోడ్ చదవడం ఆపెయ్యండి అన్నాడు. ఫైల్తో పనిలేకుండా, కవరుకి రెండేసి కాగితాలు చొప్పున పోనివ్వండి. ఎవరికైనా ఎక్కువలో ఎక్కువ రెండేగా, అందరికీ రెండు వేస్తే ఎవరికీ తక్కువ కాదుగా!

"మరి మ్యాపు సార్?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"అందరికీ వెయ్యి. దారి తెలిసుండటం మంచిదేగా!"

మెషిన్ నడిపేవాడు నా వైపు చూశాడు, నేను గోడవైపు చూశాను. మీట తిప్పారు. ఎర్ర లైటు పోయి పచ్చ లైటు వచ్చింది, అత్తగారు జోరుగా కదిలింది. దానికి ఏమీ తెలుసుకోనక్కర్లేదని చెప్తే ఎంత సంతోషంగా పనిచేస్తుందో ఆ రోజే చూశాను. ప్రకారం గారు చేతులు నడుముకి పెట్టుకుని, "చూశారా?" అన్నాడు.

తూకమక్క అవతలి చివర నిలబడి వచ్చిన కవర్లు అందుకుంది. ఒకటి పట్టుకుంది, ఇంకొకటి పట్టుకుంది. పది. పన్నెండు. అన్నీ ఒకే లావు. ఆవిడ మొహం పాలిపోవడం నేను అంత దూరం నుంచీ చూశాను. బొటనవేలు తిరుగుతోంది, దానికేమీ తెలియడం లేదు.

ఎర్ర బొత్తాం మీద అరచేత్తో ఒక్కటి వేసింది. హాలంతా నిశ్శబ్దం. మెషిన్ తాళంచెవి పీకి చేతిసంచీలో వేసుకుంది.

"ఏంటమ్మా ఇది!" అని ప్రకారం గారు ఒంటికాలి మీద లేచాడు.

"ఈ నాలుగు కవర్లూ విప్పండి సార్. మీరే విప్పండి, మీరే చదవండి. నేను చదవను." అని మొహం అటు తిప్పుకుని నిలబడింది.

ఆయన విప్పాడు. మొదటిదాంట్లో ఒకాయనకి ఏమీ లేదన్న కాగితం ఉంది. దాని వెనకాలే ఎవరో ఒకావిడని వారంలోపు రమ్మన్న కాగితం. అంటే ఆవిడ జబ్బు ఈయనకి తెలుస్తుంది, ఆవిడకి తెలియదు. రెండో కవర్లో ఆవిడ రెండో పేజీ పైకొచ్చింది. దాని మీద చిరునామా ఉండదు కదా, అందుకని కవరు కిటికీలోంచి "గది నంబరు పద్నాలుగు, ఏమీ తినకుండా రావాలి" అన్నది మాత్రం చక్కగా కనిపిస్తోంది. ఆ కవరు ఏ పోస్టుమాన్ ఏ ఇంటికి పట్టుకెళ్ళాలో? మ్యాపు మాత్రం అన్నిట్లోనూ ఉంది.

ప్రకారం గారు చాలాసేపు చూసి, "నాలుగు కవర్లు చూసి చెప్పలేం. శాంపిల్ చాలదు" అన్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తూకమక్క మాత్రం నవ్వలేదు.

"సార్, నా ఉత్తరం కూడా ఈ కట్టల్లోనే ఉంది. ఇరవై రోజుల్నుంచి దాని కోసం చూస్తున్నా. అది నాకే రావాలి. ఇంకెవరింటికో వెళ్ళి, వాళ్ళు చింపి చెత్తబుట్టలో పడేస్తే నాకెవరు చెప్తారు? తాళం ఇవ్వను. మెమో ఇచ్చుకోండి, ఇంకేదైనా ఇచ్చుకోండి."

తర్వాత నా వైపు తిరిగింది.

"తమ్ముడూ, అసలు ఫైలు నీ దగ్గర లేదూ?"

కోపంగా అడిగుంటే ఏదో ఒకటి బొంకేవాణ్ణి. మామూలుగా, అన్నం తిన్నావా అన్నట్టు అడిగింది. ఆవిడకి అప్పటికే తెలుసు.

"ఉంది" అన్నాను.

"ఉంటే ఇంతసేపూ చెప్పవేం?" అని ప్రకారం గారు నా మీద విరుచుకుపడ్డాడు.

"సున్నాలు ఎలా పోయాయో కూడా చెప్పాల్సి వస్తుందని సార్."

ఆయన టై సర్దుకుని, ఫైలు మార్చాలంటే ఫారం నింపాలి, కారణం గడిలో "సాంకేతిక లోపం" అని రాయి అన్నాడు. రాశాను. సాంకేతిక లోపం టై కట్టుకుని నా ఎదురుగా నిలబడి ఉంది, దాని చేతే సంతకం పెట్టించుకున్నాను.

పన్నెండు దాటాక అసలు ఫైల్తో మెషిన్ మొదలైంది. మ్యాపు వెయ్యాల్సిన చోట వేసింది, మానాల్సిన చోట మానింది. తూకమక్క చివర్న నిలబడి యాభైయేసి కవర్లు తీసి, అంచుల మీద వేలు పోనిచ్చి, ట్రేలో పేరుస్తోంది. పల్చనివి, పల్చనివి, మధ్యలో ఒక లావుది, మళ్ళీ పల్చనివి. మెషిన్‌కి కావాల్సిన నంబర్లన్నీ నా తెర మీద పరిగెడుతుంటాయి. ఆవిడ నంబరు నాకు తెలుసు, బండి దగ్గర ఇచ్చిన చీటీ నాకు చూపించింది. మూడింటికి దగ్గర పడుతుండగా ఆ నంబరు వచ్చింది. దాని పక్కన ఫైల్లో ఏముందో నేను చూడలేదు. చూడకూడదని కాదు, భయమేసింది.

అద్దంలోంచి ఆవిడ చెయ్యి చూశాను. వేలు కవర్ల అంచు మీద పోతూ పోతూ ఒక చోట ఆగింది. వెనక్కొచ్చింది. మళ్ళీ ఆగింది. ఆ కవరు కిటికీలో చిరునామా పైనున్న నంబరు చూసింది.

లేచి బయటికెళ్ళాను.

"అక్కా?"

"ట్రే నిండింది. ఖాళీది ఇలా పట్టుకురా" అంది. ఆ కవరుని తీసి పక్కన పెట్టుకోలేదు. విప్పలేదు. మిగతావాటితోపాటే ట్రేలో పేర్చింది. నాలుగున్నరకి వ్యాను డ్రైవరు గొణుక్కుంటూ అన్నీ ఎక్కించుకుని పోయాడు. ఆ ఉత్తరం ఆవిడ ఇంటికి చేరడానికి మూడు రోజులు పడుతుంది. మధ్యలో సెలవులొస్తే ఐదు.

మర్నాడు పొద్దున మెమో సిద్ధంగా ఉంది. అనుమతి లేకుండా మెషిన్ ఆపినందుకు, కంపెనీ తాళంచెవి సొంత సంచీలో పెట్టుకున్నందుకు. దాన్ని అందజేసేటప్పుడు సాక్షిగా ఉండమని నన్ను పిలిచాడు ప్రకారం గారు. నా పర్మినెంటు కాగితం మీద కూడా అప్పుడే సంతకం చేశాడు, దేనికి బదులో ఇద్దరికీ తెలుసు. నేను తీసుకున్నాను. వద్దని అనలేదు.

తూకమక్క మెమో మడిచి పెట్టుకుని, సెలవు ఫారం ఆయన ముందు పెట్టింది. రేపట్నుంచి పది రోజులు, ఆస్పత్రి పని.

"ఉత్తరం వచ్చిందా?"

"ఇంకా రాలేదు సార్. పోస్టులో ఉంది."

"ఫైలు ప్రకారం ఉత్తరం అందితేనే ఆస్పత్రి సెలవు. అందకుండానే లోపలేముందో మీకు తెలిసిందంటే..." అని ఆగి, కుర్చీలో వెనక్కి వాలాడు. "కవరు విప్పారన్నమాట. విప్పితే ఉద్యోగం ఏమవుతుందో తెలుసుగా? ఇప్పటికే ఒక మెమో. చెప్పకుండా మానేసినా అంతే సంగతి."

"విప్పలేదు సార్. పట్టుకుంటే తెలిసింది. మూడు రోజులు గుమ్మంలో కూర్చుని పోస్టుమాన్ కోసం చూడటం నావల్ల కాదు."

ప్రకారం గారు పకపకా నవ్వాడు. బొటనవేలితో జబ్బు చెప్పేస్తే ఇక డాక్టర్లెందుకమ్మా, ఆస్పత్రివాళ్ళకి చెప్తే మిమ్మల్నే కుర్చీలో కూర్చోబెడతారు అన్నాడు. నా వైపు చూసి నన్ను కూడా నవ్వమన్నట్టు కనుబొమలెగరేశాడు. నేను నవ్వలేదు. ఇరవై నాలుగ్గంటల్లో నేను చేసిన ఒకే ఒక్క మంచిపని అది.

నవ్వు మధ్యలో ఆయనకి ఏదో తట్టినట్టుంది. సగంలో ఆగిపోయాడు. లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చాడు. బల్ల మీదున్న పెన్ను ఇటు తీసి అటు పెట్టాడు.

"నాది కూడా నిన్న మీ చేతుల్లోంచే పోయుంటుందిగా?"

తూకమక్క మెమో మడత సరిచేసుకుంది.

"అంటే... ఊరికే అడుగుతున్నా. నేను రోజూ నడుస్తాను. ఎలా ఉంది?"

ఆవిడ సెలవు ఫారాన్ని ఒక్క వేలితో ఆయన వైపు జరిపింది. "సంతకం పెట్టండి సార్. ఈలోపు గుర్తు తెచ్చుకుంటా."

ఆయన సంతకం పెట్టాడు. తేదీ వెయ్యడం మర్చిపోతే ఆవిడే గుర్తుచేసింది. తేదీ వేశాడు. ఆవిడ ఫారం తీసుకుని, సిరా ఆరేదాకా ఊదింది.

"పల్చగా ఉంది సార్" అని చెప్పి బయటికెళ్ళిపోయింది. ప్రకారం గారు కుర్చీలో కూలబడి, ఫ్యాను ఎక్కువ చెయ్యమన్నాడు.

మర్నాడే ఆవిడ ఆస్పత్రికి వెళ్ళింది. కవరు లేకుండా వచ్చారేం అని అక్కడ కూడా అడిగారట. నంబరు చీటీ చూపించి, సున్నాలతో సహా కొట్టండి అని చెప్పిందట. ఊపిరితిత్తి పక్కన గోలీకాయంత గడ్డ. ఇంత చిన్నగా ఉండగానే దొరకడం అదృష్టం, తీసేస్తే సరిపోవచ్చు అన్నారు. సరిపోవచ్చు అనడానికీ సరిపోతుంది అనడానికీ మధ్య దర్జీ బావగారు వారం రోజులు నలిగిపోయారు. అప్పుడు కూడా ఆవిడే ఆయనకి ధైర్యం చెప్పింది.

ఆపరేషనయిన నాలుగో రోజున చూడటానికి వెళ్ళాను. బావగారు బయట బెంచీ మీద కునుకు తీస్తున్నారు. మంచం పక్క బల్ల మీద మా కిటికీ కవరు, లావుది, అంటించింది అంటించినట్టే ఉంది. ఇంటికొస్తే బావగారు ఇక్కడికి పట్టుకొచ్చారట.

"విప్పలేదేం అక్కా?"

"లోపలేముందో తెలిసినదాన్ని విప్పడం దేనికి? నీ సంగతి చెప్పు. అత్తగారు ఎలా ఉంది?"

అన్నీ చెప్పాను. ప్రకారం గారికి ఉత్తరం అందింది, ఒకే కాగితం, ఏమీ లేదు. దాంతో ఆయనకి భక్తి పుట్టుకొచ్చింది. యజమానికి పెద్ద నివేదిక రాశాడు. ఇకమీదట ప్రతి ఫైలుకీ బొటనవేలి పరీక్ష ఉండాలని, దానికో రిజిస్టరు, మూడు గడులు, కింద మేనేజరు సంతకం. నువ్వు తిరిగి రాగానే మిగతా ముగ్గురికీ నేర్పాలట. మెమో మాత్రం ఫైల్లోనే ఉంది, రద్దు చెయ్యడానికి ఫారం లేదట.

ఆవిడకి నవ్వొచ్చింది, నవ్వితే కుట్లు లాగుతాయని పక్కటెముకలు పట్టుకుంది.

"అది సరే అక్కా, పదకొండు వేల కవర్లలో ఆయనది నీకెలా గుర్తుంది?"

"ఎక్కడ గుర్తుంది? ఆయన నంబరేంటో కూడా నాకు తెలీదు."

నేను నోరెళ్ళబెట్టాను. "మరి పల్చగా ఉందన్నావు? అప్పటికే సంతకం అయిపోయిందిగా! తెలీదని చెప్పేయొచ్చుగా?"

"చెప్తే ఫారం లాక్కునేవాడు."

"ఒకవేళ లావుదయ్యుంటే?"

"ఆయనకి ఉత్తరం ఎలాగూ వచ్చేదిగా, ఆయనింటికే. అందుకేగా ఆ రోజు మెషిన్ ఆపింది." దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "ఆ పదకొండు వేలల్లో ఇప్పటికీ నా వేలికి తెలుస్తున్నది ఒక్కటే తమ్ముడూ. అది కూడా మర్చిపోతే బాగుండును."

అని అటువైపు తిరిగి పడుకుంది. నేను బల్ల మీది కవరు తీసి, ఆవిడకి కనిపించకుండా నా సంచీలో పెట్టుకున్నాను.